ఎదురు రాకూడని మనిషి

తెనాలి, చెంచుపేట
జూన్ నెలాఖరు

అన్నయ్యా,

నీ మోకాలి నొప్పి కాస్త తగ్గిందని వదిన ఫోనులో చెప్పింది. నువ్వు పక్కన కూర్చుని "ఏంటి? ఏంటంటోంది?" అని అరుస్తుంటే నాకు ఇక్కడిదాకా వినిపించింది. చెవి మిషను పెట్టుకోమంటే పెట్టుకోవు. పోస్టాఫీసులో జీవితమంతా పనిచేసినవాడివి, ఏదైనా ఉత్తరంలోనే రాయమంటావు. సరే, నీ మాట ఎందుకు కాదనాలి? పిన్‌కోడు కూడా వేశాను, తిట్టకు.

ఒక కబురు. ఖాళీగా కూర్చోవడం మానేశాను. మా పేటలో భువనేశ్వరి గారని రిటైరైన నర్సమ్మ ఉన్నారు. మాలాంటి పెద్దవాళ్ళందరినీ పోగేసి 'పలకరింపు' అని ఒక బృందం పెట్టారు. పిల్లలు ఉద్యోగాలకి వెళ్ళిపోయాక పగలంతా ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ దగ్గరికి రోజూ పొద్దున ఒకసారి వెళ్ళి కూర్చోవడం, మందులు వేసుకున్నారో లేదో చూడటం, నాలుగు మాటలు మాట్లాడటం. ఇదే పని. మాలో ఒకాయన స్కూటరు మీద ఆసుపత్రికి తీసుకెళ్తాడు. ఒకావిడ పింఛను కాగితాలు నింపి పెడుతుంది. నాకు మాట్లాడటం తప్ప ఏమీ రాదు కాబట్టి ఇళ్ళకి వెళ్ళే పని ఇచ్చారు. నవ్వకు.

నాకు అప్పజెప్పిన ఇళ్ళలో ఒకటి బసవపున్నయ్య గారిది. ఇక్కడికి దగ్గర్లో నందివెలుగు ఊరి రైతు. భార్య పోయాక పొలం కౌలుకిచ్చి కూతురి దగ్గరికి వచ్చేశాడు. కూతురు వీణ బాపట్లలో స్కూలు టీచరు. పొద్దున్నే రైలెక్కి వెళ్ళిపోతుంది, సాయంత్రం దీపాల వేళకి వస్తుంది. పెళ్ళి చేసుకోలేదు, తండ్రే లోకం. పెద్దాయనకి ఈమధ్య మరుపు మొదలైంది. పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు గానీ ఏ కార్తెలో ఏ విత్తనం చల్లాలో తడుముకోకుండా చెప్తాడు.

మొదటి రోజు నేను పేపరు చదువుతుంటే ఏమన్నాడో తెలుసా? "టీచరమ్మా, అందులో వాన సంగతి రాశారా? రాయకపోతే మూసెయ్. మిగతావన్నీ మనకెందుకు?" అన్నాడు. కడుపుబ్బ నవ్వాను. మీ బావ పోయాక ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

నువ్వూ ఇంట్లో కూర్చుని వదినని సతాయించే బదులు రేపల్లెలో ఇలాంటిదేదో చెయ్యకూడదూ? ఆలోచించు.

నీ చెల్లెలు
విశాలాక్షి


రేపల్లె
జూలై మొదటి వారం

విశాలూ,

నీ ఉత్తరం ఐదో రోజున అందింది. తెనాలి నుంచి రేపల్లెకి ఐదు రోజులు! నడిచి వచ్చినా ముందే చేరేది. మా కాలంలో ఇలా ఉంటే సూపరింటెండెంటు మా తోలు తీసేవాడు.

ఇక నీ సంగతి. నాకు చదివిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. నువ్వేమైనా పడుచు పిల్లవా? నీకే బీపీ ఉంది. ఊళ్ళోవాళ్ళ ముసలాళ్ళని నెత్తికెత్తుకుంటావా? రేపు ఆ పెద్దమనిషి నువ్వున్నప్పుడే బాత్రూములో జారిపడ్డాడనుకో, ఏం చేస్తావు? ఉన్న బిళ్ళ కాకుండా ఇంకో బిళ్ళ ఇచ్చావనుకో, ఎవరి ప్రాణం మీదికి వస్తుంది? మంచి జరిగినన్నాళ్ళు టీచరమ్మ దేవత అంటారు. ఒక్కటి తప్పు జరిగితే అందరూ నీ గుమ్మంలోనే నిలబడతారు. నాకు లోకం తెలుసు.

నన్ను కూడా చెయ్యమంటున్నావు. నా మోకాళ్ళు చూస్తే నన్నే ఎవరో పలకరించడానికి రావాలి. మీ వదిన ఈ మాట విని తెగ నవ్వింది. నాకేం నవ్వు రాలేదు.

మానేయమని చెప్పను, చెప్పినా వినవు. ఎండలో తిరగకు. మంచినీళ్ళ సీసా పట్టుకెళ్ళు.

మీ అన్నయ్య
జగన్నాథం


తెనాలి
ఆగస్టు

అన్నయ్యా,

నీ తిట్లు అందాయి. నీళ్ళ సీసా పట్టుకెళ్తున్నాను.

నీకు చెప్పకూడదనుకున్నాను గానీ చెప్పకుండా ఉండలేను. బసవపున్నయ్య గారు ఈ నెలలో రెండుసార్లు ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. రెండుసార్లూ నందివెలుగు దారి పట్టాడు. పొలానికి నీళ్ళు పెట్టాలట. ఒకసారి పాలవాడు, ఇంకోసారి ఆటో అతను గుర్తుపట్టి తీసుకొచ్చారు. దారి పొడుగునా కాలవ.

వీణ ఏడ్చింది. "బయట తాళం వేసుకుని వెళ్తానండి టీచరు గారూ. నాకు ఇంకో దారి కనపడటం లేదు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషిని లోపల పెట్టి తాళం వేస్తావా, రేపు గ్యాసు లీకయితే ఏం చేస్తాడు, ఏ కిటికీలోంచి దూకుతాడు అని గట్టిగా కేకలేశాను. "నువ్వు రైలెక్కిన కాసేపటికే నేను వచ్చేస్తాను. మధ్యాహ్నం దాకా ఉంటాను. ఆ తర్వాత ఎలాగూ పడుకుంటాడు. నా పూచీ" అన్నాను. నా పూచీ అని నోటితో అన్నాను అన్నయ్యా. వీణ నా రెండు చేతులూ పట్టుకుంది. తాళం కప్ప మళ్ళీ డబ్బాలో వేసింది.

అప్పట్నుంచీ రోజూ తెల్లారగానే నాకు అదే ధ్యాస. నేను వెళ్ళేసరికి ఆయన ఉంటాడా లేడా అని. సందు మలుపు తిరిగి, అరుగు మీద ఆయన తెల్లజుట్టు కనపడేదాకా గుండె దడదడమంటూనే ఉంటుంది. కనపడగానే ఏమీ ఎరగనట్టు "కాఫీ తాగారా?" అంటాను. "తాగలేదు" అంటాడు. తాగే ఉంటాడు. మళ్ళీ పెడతాను.

ఇంకో తమాషా చెప్పనా? అంత మరుపులోనూ ఆయన పట్టింపులు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు. మంగళవారం గోళ్ళు తియ్యనివ్వడు. తుమ్మితే ఆగుతాడు. గ్రహణం రోజున పిల్లల చేత బిస్కెట్లు తినిపించిన సైన్సు టీచర్ని కదా నేను, ఆయనతో వాదన పెట్టుకుంటాను. "నీ సైన్సు నీ దగ్గరుంచుకో" అంటాడు.

విశాలాక్షి


రేపల్లె
ఆగస్టు

విశాలూ,

తాళం వెయ్యనివ్వాల్సింది. కోపం తెచ్చుకోకు, నాకు అనిపించింది రాస్తున్నాను. కన్నకూతురు భయపడి ఒక ఏర్పాటు చేసుకుంటానంటే మధ్యలో నువ్వెందుకు పూచీ పడ్డావు? నీకు చిన్నప్పట్నుంచీ ఇదే జబ్బు. ఎవరైనా ఏడిస్తే చాలు, ముందు మాటిచ్చేస్తావు, తర్వాత నిద్ర మానేస్తావు.

నన్నూ ఏదో ఒకటి చెయ్యమన్నావు కాబట్టి చెప్తున్నాను, ఎగతాళి చెయ్యనంటేనే. పోస్టాఫీసు వరండాలో బల్ల వేయించుకుని కూర్చుంటున్నాను. చదువురాని ముసలాళ్ళు డబ్బు తీసుకోవడానికి వచ్చి ఫారాలు నింపేవాళ్ళు లేక అల్లాడుతున్నారు. నింపి పెడుతున్నాను. నా చెవి సంగతి తెలిసి అందరూ నా దగ్గర అరిచి మాట్లాడతారు. ఊరంతటికీ వాళ్ళ గుట్లన్నీ తెలిసిపోతున్నాయి. మీ వదిన నీకు ముందే చెప్పేసి ఉంటుంది.

జాగ్రత్త. నాకు భయంగానే ఉంది.

జగన్నాథం


తెనాలి
శ్రావణ శుక్రవారం

అన్నయ్యా,

బసవపున్నయ్య గారు కనపడటం లేదు. నిన్న పొద్దున వెళ్ళాడు. ఇంతవరకూ జాడ లేదు.

ఫోనులో చెప్తే వదిన కంగారుపడుతుంది, నేను ఏడుస్తాను, నీకు ఒక్క ముక్కా వినపడదు. అందుకే రాసి, మీ వీధి ప్రేమ్ కుమార్ ఇక్కడ స్కూల్లోనే కదా పనిచేసేది, అతని చేతికిస్తున్నాను. సాయంత్రం రేపల్లె బండికి తెచ్చి ఇస్తాడు.

నిన్న నేను వెళ్ళేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది, ఆయన లేడు. వీణ సెలవు పెట్టి ఎటో తీసుకెళ్ళిందేమో అనుకుని ఇంటికి వచ్చేశాను. సాయంత్రం వీణ ఫోన్ చేసింది. "నాన్న మీ ఇంట్లో ఉన్నారాండి?" అంది.

పోలీసులకి చెప్పారు. అందరూ నందివెలుగు దారిలోనే వెతుకుతున్నారు. నిన్న రాత్రంతా టార్చిలైట్లు పట్టుకుని కాలవ గట్లు తిరిగారట. ఇవాళ కాలవలోకి మనుషులు దిగారు. నేను గట్టు మీద నిలబడలేక వచ్చేశాను. షుగరు మనిషి. బిళ్ళ వేసుకోకపోతే కళ్ళు తిరుగుతాయి. ఆ ఇస్త్రీ పంచె కట్టుకుని, ఆ గొడుగు పట్టుకుని, ఎవరిని దారి అడుగుతున్నాడో, ఎక్కడ కూర్చున్నాడో. పేరు అడిగితే చెప్పగలడో లేదో.

వీణ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

విశాలాక్షి


రేపల్లె
శనివారం పొద్దున

విశాలూ,

ప్రేమ్ కుమార్ బండికి టైమయింది. తొందరగా రాస్తున్నాను.

ఆ పెద్దాయన ఫోటో, వివరాలు నిన్ననే మా కోడలి ఫోనుకి వచ్చాయి. నీ ఉత్తరం అందాక మళ్ళీ తెప్పించి చూశాను. అందులో గళ్ళ లుంగీ, చేతుల బనీను, చెప్పులు లేవు అని ఉంది. వీణ పొద్దున రైలుకి వెళ్ళేటప్పుడు ఆయన అలా ఉండి ఉంటాడు, అదే చెప్పి ఉంటుంది. నువ్వేమో ఇస్త్రీ పంచె అని రాశావు. గొడుగు అని రాశావు. నువ్వు వెళ్ళేసరికే ఆయన లేడని కూడా నువ్వే రాశావు.

లేని మనిషి పంచె నీకెలా కనపడింది?

ఈ మాట ఫోనులో అడగొచ్చు. అడిగితే నీ పక్కన ఎవరో ఒకరు ఉంటారు, నువ్వు ఏదో ఒకటి సర్దేస్తావు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. ఒక్కదానివే కూర్చుని చదువుకో. నువ్వు ఆయన్ని చూశావు. ఎందుకు దాస్తున్నావో నాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కానీ ఎటు వెళ్ళాడో కూడా నీకు తెలిసి ఉంటే, విశాలూ, అక్కడ జనం తప్పు మనిషి కోసం తప్పు కాలవలో వెతుకుతున్నారు.

నిన్న రాత్రి నుంచి నేను రేపల్లె స్టేషనుకి పోయి వచ్చిన ప్రతి బండీ చూస్తున్నాను. దిగినవాళ్ళలో ముసలివాడు కనపడితే చాలు, వెళ్ళి మొహంలోకి చూస్తున్నాను. ఒకాయన నన్ను దొంగ అనుకున్నాడు.

నన్ను తర్వాత తిట్టుకుందువు గాని. ఈ ఉత్తరం మడిచి పెట్టి ముందు వీణ దగ్గరికి వెళ్ళు. ఉన్నదున్నట్టు చెప్పు.

జగన్నాథం


తెనాలి
శనివారం సాయంత్రం

అన్నయ్యా,

చెప్పేశాను.

నీ ఉత్తరం చదివి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెళ్ళాను. వీణ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన భువనేశ్వరి గారూ, ఒక పోలీసాయనా ఉన్నారు. అందరి ముందే చెప్పాను. నీకూ చెప్తున్నాను, విను.

గురువారం పొద్దున నేను సందు మలుపు తిరిగేసరికి ఆయన గేటు తీసుకుని బయటికి వస్తున్నాడు. ఇస్త్రీ పంచె, భుజాన జరీ కండువా, చేతిలో గొడుగు. శ్రావణం కదా, పెళ్ళిళ్ళ రోజులు. వీణ సెలవు పెట్టి ఆయన్ని ఎవరింటికో పెళ్ళికి తీసుకెళ్తోంది, వెనకాలే తాళం వేసి వస్తోంది అనుకున్నాను. శుభమా అని బయల్దేరుతున్న మనిషి. నేను ఎదురు వెళ్తున్నాను. బొట్టు లేని మొహంతో.

అంతే అన్నయ్యా. నేనేమీ ఆలోచించలేదు. కాళ్ళే జరిగాయి. అక్కడ ఇస్త్రీ బండి ఉంటే దాని చాటుకి వెళ్ళి నిలబడ్డాను. మీ బావ పోయిన దగ్గర్నుంచీ ఇలాగే కదా. ఎవరింట్లోనైనా ఎవరైనా బయల్దేరుతుంటే వంటింట్లోకి వెళ్ళిపోతాను. నన్ను ఎవరూ పొమ్మనరు, వాళ్ళు అనుకోకముందే నేనే తప్పుకుంటాను. ఆయన అడుగులు దాటి వెళ్ళేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఎక్కడికని అడగలేదు, బయల్దేరే మనిషిని అలా అడగకూడదు కదా. ఆయన నందివెలుగు వైపు తిరగలేదు. స్టేషను వైపు తిరిగాడు. నేను చూశాను. చూసి, హమ్మయ్య, నా మొహం పడకుండా వెళ్ళాడు అనుకున్నాను. వెనకాలే వచ్చే వీణకీ ఎదురు పడకూడదని అటునుంచి అటే ఇంటికి వచ్చేశాను.

సాయంత్రం వీణ ఫోన్ చేసినప్పుడు ఈ మాట గొంతులోకి వచ్చింది, బయటికి రాలేదు. ఏమని చెప్పను? పేటలో అందరికీ సైన్సు పాఠాలు చెప్పే టీచరమ్మ బండి చాటున నక్కిందని చెప్పనా? తాళం వద్దని, నా పూచీ అని అరిచిన మనిషి, కళ్ళముందు వెళ్తుంటే దారిచ్చి పంపిందని చెప్పనా? రేపు పొద్దున్నకి దొరికిపోతాడులే, అప్పుడు చెప్పనక్కర్లేదులే అనుకున్నాను. ఆయన దొరకలేదు.

పోలీసాయన వెంటనే లేచి స్టేషనుకి వెళ్ళాడు. అక్కడి కెమెరాలో కనపడ్డాడట. గురువారమే. గొడుగు పట్టుకుని చీరాల వైపు వెళ్ళే బండి ఎక్కాడు. రెండు రోజులు అన్నయ్యా. నేను నోరు విప్పి ఉంటే ఆ రాత్రికే తెలిసేది.

వీణ నా వైపు చూడకుండానే అంది, "మా నాన్నకి అన్నీ మరుపేనండి. ఇది మాత్రం మరవలేదు. ఎదురు మంచిది కాకపోతే వెనక్కి వచ్చేస్తాడు. కాళ్ళు కడుక్కుంటాడు, కూర్చుని మంచినీళ్ళు తాగుతాడు, తర్వాతే బయల్దేరతాడు. కూర్చుంటే చాలండి, ఎక్కడికి బయల్దేరాడో మర్చిపోతాడు. మీరు ఊరికే ఎదురొచ్చి ఉంటే చాలు."

ఆ అమ్మాయి గట్టిగా అరిచినా నాకింత బాధ ఉండేది కాదు. ఆ దారిలోనే వీణ స్కూలున్న ఊరు కదా, వాళ్ళు ముందు బాపట్ల బయల్దేరారు. భువనేశ్వరి గారు నన్ను కొన్నాళ్ళు ఎవరింటికీ వెళ్ళొద్దన్నారు. ఆవిడ తప్పు లేదు.

ఆయనకి ఏమైనా అయితే నేను బతికి ఏం లాభం?

విశాలాక్షి


బాపట్ల
సోమవారం

అన్నయ్యా,

ఉన్నాడు. ప్రాణాలతో ఉన్నాడు. ఈ రెండు మాటలు ముందు రాసి, కళ్ళు తుడుచుకుని మిగతాది రాస్తున్నాను.

నిన్న ఆగలేక నేనూ రైలెక్కి వచ్చేశాను. ఎవరూ పిలవలేదు. ఇక్కడ పెద్దాసుపత్రిలో, పేరు తెలియని మనిషి అని ఒక మంచం మీద పడుకోబెట్టారు. పాదం వాచిపోయింది, మోచేయి చీరుకుపోయింది. జ్వరం ఇంకా ఉంది. షుగరు బాగా పెరిగిపోయిందట, ఇంకో రోజు ఆలస్యంగా తెచ్చి ఉంటే చెప్పలేమన్నాడు డాక్టరు. చేతికి సూది, మూతి మీద తెల్లగడ్డం. పంచె మట్టి కొట్టుకుపోయి ఉంది. ఆ పంచె చూడలేకపోయాను.

ఎందుకొచ్చాడో తెలుసా? జ్వరంలో ముక్కలు ముక్కలుగా తనే చెప్పాడు. బిడ్డ బడి విడిచిపెట్టే వేళకి తీసుకెళ్దామని. వీణ బాపట్లలో స్కూలుకి వెళ్తుందని ఆయనకి గుర్తుంది. టీచరుగా వెళ్తుందన్నది మర్చిపోయాడు. వానొస్తే పిల్ల తడుస్తుందని గొడుగు. పెద్దమనిషిలా కనపడాలని ఇస్త్రీ పంచె. ఏదో చిన్నపిల్లల బడి గేటు ముందు సాయంత్రం దాకా నిలబడ్డాడట. ఎవరి తాతో అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలందరూ వెళ్ళిపోయారు, ఆయన పిల్ల రాలేదు. వెతుక్కుంటూ సూర్యలంక రోడ్డు పట్టాడు. సముద్రం వైపు అన్నయ్యా. చీకట్లో రోడ్డు పక్క పల్లంలో పడిపోయాడు. ఆదాము అని కొబ్బరిబొండాలు అమ్మే ఆయన తెల్లారి చూసి, ఆటోలో వేసుకుని తెచ్చాడు. రోజూ వచ్చి చూసి పోతున్నాడట. "మా పెద్దోళ్ళ లాగే ఉన్నాడమ్మా, ఊరికే వదిలేసి పోబుద్ధి కాలేదు" అన్నాడు. నేను ఆయన కాళ్ళకి మొక్కబోతే గాభరాపడి వెనక్కి జరిగాడు.

ఇవాళ పొద్దున వరండాలో వీణతో చెప్పాను. అమ్మా, ఇక నేను మానేస్తాను, నా వల్ల కాదు, తాళమే వేసుకో అన్నాను. వీణ నా మీద విరుచుకుపడింది.

"మానేస్తారా? మీరు మానేస్తే నాకు ఎవరున్నారండి? నేను ఉద్యోగం మానుకుంటే తినేదేంటి? మా నాన్న మంచి చెడ్డలు తెలిసింది మీకొక్కరికే. నాకు మీ మీద కోపం ఉంది, ఇంకా ఉంది. కానీ మీరు రండి. వచ్చి, ఆయన గేటు దాటేటప్పుడు ఎదురు రండి. ఈసారి తప్పుకోవద్దు. ఆయన ఏమన్నా పడండి. పడతారా, పడరా?"

ఎవరూ నన్ను ఇంతవరకూ ఎదురు రమ్మని అడగలేదు అన్నయ్యా.

విశాలాక్షి


రేపల్లె
బుధవారం

విశాలూ,

ఈసారి నీ ఉత్తరం రెండు రోజులకే వచ్చింది. దొరికాడన్న మాట చదివి పోస్టాఫీసు వరండాలోనే ఏడ్చేశాను. ఫారాలు రాయించుకోవడానికి వచ్చినవాళ్ళు మా ఇంట్లో ఎవరో పోయారనుకున్నారు.

కానీ ఆ అమ్మాయి అడిగింది నాకు నచ్చలేదు. కష్టంలో ఉంది, కాదనను. అయినా నువ్వు ఏంటి, రోజూ పొద్దున్నే వెళ్ళి అపశకునంలా నిలబడాలా? ఆయన ఛీ ఛీ అంటే పడాలా? నిన్ను ఎవరైనా ఆ మాట అంటే నేను వాళ్ళింటి గడప తొక్కను. నా చెల్లెలు అలాంటి పని చెయ్యడానికి నేను ఒప్పుకోను. వేరే దారి చూసుకోమను. గేటుకి గంట కట్టించుకోమను, ఇంకెవరినైనా పెట్టుకోమను.

నువ్వు మెత్తబడి ఊఁ అంటావని నాకు భయం. అనకు.

జగన్నాథం


తెనాలి
భాద్రపదం మొదట్లో

అన్నయ్యా,

ఊఁ అన్నాను. అప్పుడే అన్నాను, నీకు రాయలేదు.

ఆయన ఇంటికి వచ్చాక వారం రోజులు మంచం దిగలేదు. భువనేశ్వరి గారే నన్ను మళ్ళీ పిలిచి, "వెళ్ళండి విశాలాక్షి గారూ, మీకు బదులు ఇంకొకరిని పంపితే ఆయన తలుపు తియ్యడం లేదు" అన్నారు. వెళ్తున్నాను. ఆయనకి బాపట్ల గుర్తు లేదు, ఆసుపత్రి గుర్తు లేదు. కాలు ఎందుకు నొప్పో కూడా తెలియదు. నా భయం మాత్రం పోలేదు. రాత్రి కలలో ఇస్త్రీ పంచె కనపడుతోంది.

నిన్న సందు మలుపు తిరిగేసరికి గేటు చప్పుడయింది. కుంటుకుంటూ వస్తున్నాడు. కండువా వేసుకున్నాడు. ఇస్త్రీ బండి అక్కడే ఉంది. కాలు అటు లాగింది అన్నయ్యా, నిజం చెప్తున్నాను, లాగింది. పళ్ళు బిగించుకుని సందు మధ్యలో నడిచాను. సూటిగా ఆయన మొహంలోకి చూస్తూ వెళ్ళాను.

ఆగిపోయాడు. నన్ను ఎగాదిగా చూశాడు. గుర్తుపట్టలేదు. మొహం చిట్లించి, "ఛ, బయల్దేరంగానే ఇదేం ఎదురమ్మా" అని గొణుక్కుని వెనక్కి తిరిగాడు. కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

నేను వెనకాలే వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు ఇచ్చాను. గడగడా తాగి మూతి తుడుచుకుని పైకి చూశాడు. అప్పుడు గుర్తుపట్టి మొహం నిండా నవ్వాడు.

"ఎప్పుడొచ్చావు టీచరమ్మా?"

"ఇప్పుడేనండి. ఎటో బయల్దేరినట్టున్నారు?"

కాసేపు ఆలోచించాడు. ఎటో గుర్తురాలేదు. ఎందుకు ఆగాడో మాత్రం గుర్తుంది. కాస్త ముందుకి వంగి, నాకొక్కదానికే చెప్తున్నట్టు గొంతు తగ్గించి అన్నాడు.

"వెళ్దామనే అనుకున్నా. ఎవరో బొట్టు లేనావిడ ఎదురొచ్చిందమ్మా. ప్రయాణం ఆగిపోయింది."

"పోనీలెండి" అన్నాను, "రేపు వెళ్దురు గాని."

నీకు కోపం వస్తుందని తెలుసు. నాకు మాత్రం ఎంత సంతోషమయిందో చెప్పలేను అన్నయ్యా. కుర్చీ ఆయన ఎదురుగా లాక్కుని కూర్చున్నాను.

నీ చెల్లెలు
విశాలాక్షి